నొప్పి తెలియని చోటు

ఏప్రిల్ 21, సోమవారం

కొలతల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా పడున్నాయి. ముందు నుంచి జనం నడుములు, వెనక నుంచి నా గోల. రెండూ మధ్యలో గుద్దుకున్న రోజున ఇంకో పుస్తకం మొదలుపెడతాను. నా చదువు ఐదో తరగతి దగ్గర తెగిపోయింది. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి తప్పులు పట్టేవాళ్ళూ లేరు.

ఇవాళ కందిరీగని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కందిరీగ అంటే నా మనవరాలు. తొమ్మిదేళ్ళు. మాటతో కుడుతుందని నేను పెట్టిన పేరు. నిజానికి కుట్టేది నేనే. రెండేళ్ళ కిందట దానికి షుగర్ అని తేలినప్పటి నుంచి పూటపూటా ఇన్సులిన్ సూది నా చేత్తోనే. వాళ్ళమ్మకి, అంటే మా అమ్మాయికి, సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూచుని ఊరందరినీ గదమాయిస్తుంది గానీ సూది దగ్గర పిల్లి. అల్లుడు లారీ ఎక్కాడంటే పన్నెండు రోజులకి గానీ దిగడు. నేనా, యాభై ఏళ్ళు దర్జీ పని చేసినవాణ్ణి. సూది పట్టడం నాకొకళ్ళు నేర్పాలా.

డాక్టరు మా షుగర్ లెక్కల కాగితం చూసి నుదురు రుద్దుకున్నాడు. ఒక రోజు నాలుగు వందలు, ఒక రోజు డెబ్భై. పొద్దుటి మందు మొదట్లో ఎనిమిది యూనిట్లు ఉండేది. తర్వాత పది, పన్నెండు. ఇవాళ పద్నాలుగు చేశాడు.

"సూది చోటు మారుస్తున్నారా తాతగారూ? ఒక్క చోటే వేయకూడదు, చెప్పాను కదా."

"మారుస్తున్నాం బాబూ."

కందిరీగ నా వంక చూసింది. నేను గోడ మీద గడియారం వంక చూశాను. బయట వరసలో నలభై మంది ఉన్నారు. ఆయన ఇంకేం అడగలేదు.

లేచి వచ్చేస్తుంటే ఇంకో కాగితం చేతిలో పెట్టాడు. ఎండాకాలం సెలవుల్లో షుగర్ ఉన్న పిల్లలకి పది రోజుల క్యాంపు అట. కొండ కింద హాస్టలు బడిలో. పిల్లలంతా షుగర్ వాళ్ళే. ఆడిస్తారట, ఈత నేర్పిస్తారట, తమ సూది తామే వేసుకోవడం నేర్పిస్తారట.

"తొమ్మిదేళ్ళ పిల్ల తన సూది తను వేసుకోవడమేంటి, నేను చచ్చానా" అన్నాను దారిలో.

"నువ్వు చచ్చాక నేర్చుకోమంటావా నాన్నా" అంది మా అమ్మాయి. నా కూతురే. ఎక్కడికి పోతుంది బుద్ధి.


ఏప్రిల్ 23, బుధవారం

డాక్టర్లకి పుస్తకాలు తెలుసు, బట్ట తెలీదు.

మంచి బట్ట మీద కుట్టు విప్పి మళ్ళీ వేయాల్సి వస్తే పాత కన్నాల్లోనే సూది పోనివ్వాలి. పక్కన కొత్త కన్నం పడిందా, బట్ట జల్లెడ. మా గురువు ఈ ముక్క నేర్పడానికి నా చేతి మీద స్కేలుతో ఎన్నిసార్లు కొట్టాడో. పిల్ల ఒళ్ళు ఆ బట్ట కంటే తక్కువదా.

మొదటి నెలలో ఎన్ని చోట్ల పొడిచానో. ప్రతి సూదికీ ఏడుపు. మంచం కిందకి దూరేది. కాళ్ళు పట్టి లాగేవాణ్ణి. ఒక రోజు బొడ్డుకి అటొకటి ఇటొకటి, రెండు చోట్లు దొరికాయి. అక్కడ వేస్తే, "తెలీలేదు తాతా" అంది. ఆ రోజు నుంచి అవే. గుండీ చోట్లు అని పేరు పెట్టుకున్నాం. పొద్దున ఎడమ గుండీ, సాయంత్రం కుడి గుండీ. ఇప్పుడైతే బొమ్మల పుస్తకం చదువుకుంటూ చొక్కా ఎత్తుతుంది. సూది దిగినట్టు కూడా దానికి తెలీదు.

అక్కడ ఇప్పుడు కాస్త గట్టిగా, ఎత్తుగా ఉంది. కండ పట్టింది. మంచిదే.


ఏప్రిల్ 24, గురువారం

పొద్దున మూడు వందల ఎనభై. ఎండలు కదా.


ఏప్రిల్ 26, శనివారం

కందిరీగ మిషను పక్కన కూచుని గుండీలు రంగుల వారీగా వేరు చేస్తూ ఉన్నట్టుండి అడిగింది. "తాతా, నాలాంటి వాళ్ళు ఇంకా ఉంటారా?"

"నీలాంటిది ఇంకొకత్తె ఉంటే జనం ఊరు ఖాళీ చేసి పోవాల్సిందే" అన్నాను.

నవ్వలేదు. గుండీలు వేరు చేస్తూనే ఉంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. బళ్ళో దాన్ని మందుల డబ్బా అంటారట. ఎవరి పుట్టినరోజైనా వస్తే చాక్లెట్లు పంచేటప్పుడు టీచరు దీన్ని లైబ్రరీ గదికి పంపుతుందట. పాపం మనసు కష్టపడుతుందని.

"లైబ్రరీలో ఏం చేస్తావే?"

"చదువుతా. సగం పుస్తకాలు అయిపోయాయి."

సాయంత్రం మా అమ్మాయితో చెప్పాను, పంపుదాం అని. నేనేదో ఒప్పుకున్నట్టు అది అంత ఆశ్చర్యపోనక్కర్లేదు. నేనెప్పుడు వద్దన్నాను.


ఏప్రిల్ 27, ఆదివారం

క్యాంపు ఫారం నింపాం. మా అమ్మాయి డ్యూటీలో ఉంది. ప్రశ్నలన్నీ చిన్న చిన్న అక్షరాలు. పక్కింటి మాస్టారిని పిలిచాను. ఆయన నడుము నా పుస్తకంలో నాలుగు పేజీలు తినేసింది. ముప్పై నాలుగు నుంచి నలభై ఒకటి దాకా.

"మాస్టారూ, మీరు కుర్చీలో జాగ్రత్తగా కూచోండి. మొన్న కుట్టిన ప్యాంటుకి నాది పూచీ కాదు."

"నీ నోటికి కుట్టు వేసే దర్జీ ఇంకా పుట్టలేదయ్యా" అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఆయన చదువుతుంటే నేను చెబుతూ పోయాను. ఎత్తు, బరువు, ఏ పూట ఎన్ని యూనిట్లు. పద్నాలుగు అని రాయించాను.

"సూది వేసే చోటు రోజూ మారుస్తున్నారా? అవును, కాదు. ఏదో ఒక దానికి టిక్కు పెట్టాలి."

"అవును."

ఆయన కలం ఆగింది. కిందటి నెల కొలతలకి వచ్చినప్పుడు నేను పిల్లకి సూది వేయడం చూశాడు. గుండీ చోటు కథంతా నేనే గొప్పగా చెప్పాను.

"అవునా?"

"అవును అని పెట్టండి మాస్టారూ. కాదంటే ఆ క్యాంపు వాళ్ళు నాకు పాఠం మొదలుపెడతారు. మీరు బళ్ళో చెప్పింది చాలదా."

టిక్కు పెట్టాడు. ఫారాలు అందరూ ఇలాగే నింపుతారు. నా పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్న నాకు పది దాకా చదువుందని చెప్పాడు.


మే 4, ఆదివారం

బస్సు ఎక్కించి వచ్చాం. బస్సు నిండా పిల్లలు. ప్రతివాడి మెడలో ఒక సంచీ. మన కందిరీగ సంచీ నేను కుట్టింది. లోపల మెత్తటి గుడ్డ, సిరంజిలకి ఒక అర, పంచదార పొట్లానికి ఒక అర, పైన పసుపు పచ్చ రెక్కల కందిరీగ. పక్క సీటు పిల్ల దాన్ని తడిమి, "ఎక్కడ కొన్నావ్?" అంది. మనది ముక్కు పైకెత్తి, "కొనలేదు" అంది.

కిటికీలోంచి నా చెవి దగ్గరికి వంగింది.

"తాతా, అక్కడ వేరే చోట వేస్తారేమో. నొప్పి పుడుతుందా?"

"పుడితే నా పేరు చెప్పు. పారిపోతుంది."

బస్సు కదిలాక మా అమ్మాయి ఏడిచింది. నేను ఏడవలేదు. డీజిలు పొగ.


మే 5, సోమవారం

పొద్దున ఆరున్నరకి లేచి సిరంజి కోసం గూట్లో చెయ్యి పెట్టాను. అలవాటు.

బస్టాండు దాకా నడిచాను. అమ్మాయికి భోజనం క్యారియరు ఇవ్వడానికి. అక్కడ కూచుని కొండ వైపు నుంచి వచ్చే బస్సులు చూశాను. ఊరికే. కాలక్షేపం.


మే 6, మంగళవారం

ఫోను వచ్చింది.


మే 7, బుధవారం

నిన్నటిది రాయాలి.

పదకొండు గంటలప్పుడు మాస్టారి ప్యాంటు నడుము విప్పుతున్నాను. ఫోను మోగింది. అమ్మాయికి సెలవు రోజు, అదే తీసింది. దాని మొహం చూసి మిషను ఆపాను.

క్యాంపులో పొద్దున నర్సు అందరికీ ఒళ్ళు మీద చోట్లు చూపించిందట. కందిరీగ తొడ ఎంచుకుందట. ఫారంలో రాసిన పద్నాలుగు యూనిట్లూ వేశారు. తిన్నది. పిల్లలందరితో పాటు నీళ్ళ తొట్టిలో ఈతకి దిగింది. అరగంటకి ఒళ్ళు చెమటలు పట్టి, మాట తడబడి, గట్టు ఎక్కబోయి పడిపోయింది. షుగర్ ముప్పై రెండు.

వాళ్ళ దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి వెంటనే షుగర్ పెంచే ఇంజక్షను ఇచ్చారు. పది నిమిషాలకి కళ్ళు తెరిచింది. ఇప్పుడు బాగానే ఉంది, ఆడుకుంటోంది అంది నర్సు. తర్వాత అడిగిందట, "బొడ్డుకి రెండు పక్కలా నిమ్మకాయంత గడ్డలున్నాయి. అక్కడే వేస్తున్నారా ఇన్నాళ్ళూ?"

అక్కడ వేసిన మందు ఆ గడ్డల్లోనే చిక్కుకుపోతుందట. ఒకప్పుడు సగమే ఒంట్లోకి వెళ్తుంది, ఒకప్పుడు అంతా ఒకేసారి. అందుకే ఆ నాలుగు వందలు, ఆ డెబ్భై. అందుకే డాక్టరు మందు పెంచుకుంటూ పోయాడు. కొత్త చోట వేసేసరికి పద్నాలుగూ సూటిగా ఒంట్లోకి దిగాయి. ముందే తెలిసుంటే తగ్గించి వేసేవాళ్ళం, ఫారంలో మారుస్తున్నాం అని ఉంది కదా అందట.

అమ్మాయి ఫోను పెట్టేసి నా వంక చూసింది. "ఒకే చోట వేస్తున్నావా నాన్నా?"

"అప్పుడప్పుడూ" అన్నాను.

సాయంత్రం మాస్టారు ప్యాంటు కోసం వచ్చాడు. సంగతి విన్నాడు. నోరు తెరిచాడు, "ఆ ఫారంలో మనం..."

"నడుము నలభై రెండు అయింది మాస్టారూ. గుడ్డ చాలదు. రేపు రండి."

వెళ్ళిపోయాడు. మంచివాడు. నలభై ఒకటే, నేనే ఒకటి కలిపాను.


మే 8, గురువారం

క్యాంపు నుంచి అమ్మాయికి మళ్ళీ ఫోను. పొద్దుటి మందు ఎనిమిదికి తగ్గించారట. షుగర్ నూట యాభై, నూట ముప్పై, నూట అరవై. రెండేళ్ళలో ఇంత తిన్నగా ఎప్పుడూ లేదు.

అంటే ఎనిమిదే సరిపోయేది.

మా చెల్లెలి సంగతి ఈ పుస్తకంలో రాయకూడదనుకున్నాను.


మే 9, శుక్రవారం

మా చెల్లెలికి ఎనిమిదేళ్ళు. నాకు పది. ఉన్నట్టుండి అది చిక్కిపోయింది. ఎంత తిన్నా ఎముకలే. ఎప్పుడూ నీళ్ళు, నీళ్ళు. కుండ దగ్గరే కూచునేది. నేను దాన్ని చేపపిల్లా అని పిలిచేవాణ్ణి. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. అదీ నవ్వేది.

ఒక రోజు నవ్వుదామని నీళ్ళ చెంబు దాచాను. అది ఇల్లంతా వెతికింది. నేను అటక మీద కూచుని చూస్తున్నాను. చివరికి దోసిలి కుండలో ముంచుకుని తాగింది. ఆ తర్వాత నాలుగో రోజు లేవలేదు. ఏ జబ్బో కూడా ఎవరికీ తెలీదు. రెండేళ్ళ కిందట డాక్టరు కందిరీగ గురించి చెబుతుంటే, దాహం, చిక్కిపోవడం, నీరసం, ఒక్కొక్కటే వింటుంటే, అరవై ఏళ్ళ తర్వాత నాకు మా చెల్లెలి జబ్బు పేరు తెలిసింది.

దీనికి మాత్రం ఏ కష్టమూ కలగనివ్వకూడదు అనుకున్నాను. అందుకే ఆ రెండు చోట్లు.


మే 11, ఆదివారం

ఇంటివాళ్ళు వచ్చి చూసుకునే రోజు. అమ్మాయీ నేనూ వెళ్ళాం. బస్సులో అది కిటికీ పక్క కూచుంది. నేను కబుర్లు చెప్పబోయాను గానీ దానికి నిద్రొస్తోందట. కళ్ళు తెరుచుకునే నిద్రపోయింది.

హాస్టలు బడి వరండాలో పొడవాటి బల్లలు. భోజనానికి ముందు నలభై మంది పిల్లలు వరసగా కూచుని వేళ్ళు పొడుచుకుంటున్నారు. నెత్తురు చుక్క, మిషను, అంకె. "నాది నూట ఇరవై, నీదెంత?" "నూట తొంభై. పోయింది, ఇవాళ మళ్ళీ ఓడిపోయా." ఆటలో పాయింట్లు చెప్పుకున్నట్టు. ఇంట్లో మన కందిరీగ వేలు పొడుచుకునేటప్పుడు తలుపు వేసుకుంటుంది.

కందిరీగ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. పరిగెత్తుకు రాలేదు. ముందు సూది తీసింది, మందు ఎక్కించింది, గాలి బుడగ కొట్టింది, తొడ మీద చర్మం పట్టుకుని పొడుచుకుంది. ఒక్క క్షణం మొహం ముడుచుకుంది. అంతే. పక్క పిల్ల, "పది లెక్కపెట్టు, పది లెక్కపెట్టు, అప్పుడే తియ్యకు" అంటోంది. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు.

నేను వంకర కుట్టు కోసం వెతికాను. దొరకలేదు.

తర్వాత నర్సు మా దగ్గరికి వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. బెంచీ మీద కూచుని, మాట్లాడుతూనే జేబులోంచి సిరంజి తీసి తన పొట్టకి తనే వేసుకుంది. నేను తెల్లబోయాను.

"మీకూనా? ఎప్పట్నుంచమ్మా?"

"ఏడో ఏట నుంచి బాబాయ్ గారూ. ఇప్పుడు నలభై ఆరు."

ఆవిడ కణతల దగ్గర నెరిసిన జుట్టు వైపే చూస్తూ ఉండిపోయాను. ఈ జబ్బుతో జుట్టు నెరిసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. మా చెల్లెలు ఉంటే అరవై తొమ్మిది.

ఆవిడ అమ్మాయితో అంటోంది. "పెద్దాయన్ని ఏమీ అనకండి. పాప అంతా చెప్పింది. మీ నాన్నగారు చోటు మార్చే వేస్తుంటే, తనే బతిమాలి ఆ రెండు చోట్లే వేయించుకునేదట. డాక్టరుకి చెప్పొద్దని తాతతో ఒట్టు వేయించుకుందట. తప్పంతా తనదే, తాతకి తెలీదు అంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు. ఇక్కడ నన్ను దొంగ అన్నవాళ్ళు కూడా లేరు. ఊరుకుంటే సరిపోయేది. అమ్మాయి మొహం అప్పుడే కాస్త మెత్తబడింది కూడా.

చేపపిల్లా అంటే నవ్వింది మా చెల్లెలు. చెంబు అన్నే దాచాడని అమ్మకి చెప్పలేదు.

"అబద్ధం సిస్టరమ్మా. నేనే. డాక్టరు మార్చమన్నా మార్చలేదు. ఫారంలో టిక్కు కూడా నేనే పెట్టించాను. పిల్ల ఒట్టు వేయించుకోలేదు" అన్నాను.

ఆవిడ సిరంజికి మూత పెట్టి, "నొప్పి తెలీడం లేదంటే ఆ చోటు మొద్దుబారిపోయిందని అర్థం బాబాయ్ గారూ. అది మంచి గుర్తు కాదు" అంది.

"కరుగుతాయా ఆ గడ్డలు?"

"కరుగుతాయి. చాలా నెలలు ముట్టుకోకుండా వదిలేయాలి."

కందిరీగ వెనక నుంచి వచ్చి నిలబడింది. ఎంత విన్నదో. "నేను సర్దేశాను కదా తాతా, నువ్వెందుకు చెప్పావు? ఇప్పుడు నేను అబద్ధాలకోరునయ్యాను" అంది. కళ్ళల్లో నీళ్ళు. నేను జోకు వెయ్యబోయాను. ఒక్కటీ తట్టలేదు.

తిరుగు బస్సులో అమ్మాయి నాకు ముందు సీట్లో కూచుంది. సగం దారి దాకా వీపే చూశాను. అప్పుడు వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఎందుకు నాన్నా?"

"నొప్పి పుట్టకూడదని."

"ఎవరికి?"


మే 12, సోమవారం

ఎవరికి అంటే.


మే 14, బుధవారం

కందిరీగ వచ్చింది. నల్లబడింది, గొంతు పెరిగింది. వాళ్ళమ్మతో ఈత గురించి, పక్క పిల్ల గురించి గంట సేపు చెప్పింది. ఇద్దరూ వారం వారం ఫోనులో అంకెలు చెప్పుకుంటారట. బళ్ళో ఇక లైబ్రరీ గదికి పోదట. చాక్లెట్టు తీసుకుని సంచీలో పెట్టుకుంటుందట, షుగర్ పడిపోయినప్పుడు పనికొస్తుందని టీచరుకి తనే చెబుతుందట.

అమ్మాయి సిరంజిల డబ్బా నా గూట్లోంచి తీసి పిల్ల బీరువాలో పెట్టింది. నేను ఉన్నప్పుడే పెట్టింది.

సూది పూట నేను వరండాలో నిలబడ్డాను. లోపల నుంచి లెక్క వినిపించింది, ఒకటి నుంచి పది దాకా. ఎవరూ పిలవలేదు.


మే 17, శనివారం

మాస్టారి ప్యాంటు ఇచ్చేశాను. "నలభై ఒకటే, నలభై రెండు కాదు" అని చెప్పాను. ఆయన చాలా సేపు నిలబడ్డాడు. "టిక్కు పెట్టింది నా చెయ్యేనయ్యా" అన్నాడు.

"మీ చెయ్యి నేను చెప్పింది రాసింది. కూచోండి మాస్టారూ, కుర్చీకి కూడా పని కల్పించాలి కదా."

కూచున్నాడు.


మే 19, సోమవారం

అస్తరు గుడ్డ మిగిలింది తీసి కందిరీగ కొలతకి ఒక మనిషి బొమ్మ కత్తిరించాను. చేతులు, పొట్ట, తొడలు, వెనక వైపు నడుము కింద. సుద్దతో గళ్ళు గీసి దారంతో కుట్టాను. మొత్తం నలభై గళ్ళు. బొడ్డుకి రెండు పక్కలా గళ్ళు కుట్టలేదు. అక్కడ నల్ల గుడ్డ ముక్క వేసి మూసేశాను. ఒక ఎర్ర గుండీ, వెనక గుండుసూది. సూది వేసిన గడిలో గుండీ పెట్టాలి, రేపు పక్క గడికి జరపాలి. ఒకసారి పడిన కన్నంలో మళ్ళీ పడకూడదు.

మా గురువు చూస్తే స్కేలు తీసేవాడు.

దానికి ఇవ్వలేదు. గోడకి మేకు కొట్టి తగిలించి పనిలో పడ్డాను.


మే 20, మంగళవారం

గుండీ ఎడమ తొడ మీద ఉంది. రెండో గడి.

అమ్మాయి పెట్టిందో, పిల్ల పెట్టిందో.


మే 23, శుక్రవారం

గుండీ కుడి తొడ. అమ్మాయి నాకు టీ ఇస్తూ, "ఆ నల్ల ముక్క ఎప్పుడు విప్పుతావు?" అంది. డాక్టరు చెప్పినప్పుడు అన్నాను. పన్నెండు రోజుల తర్వాత నాతో అన్న పెద్ద మాట అదే.


మే 26, సోమవారం

పొద్దున మిషను మీద ఉన్నాను. లోపల నుంచి పిలుపు.

"తాతా, ఇవాళ గుండీ చెయ్యి వెనక్కి వచ్చింది. ఒక చేత్తో చర్మం పట్టుకోవడం అందట్లేదు. నువ్వు పట్టుకో. పట్టుకోవడం వరకే."

వెళ్ళాను. చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు. దాని మోచేతి పైన చర్మం రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ఎంత పల్చగా ఉందో, కొత్త బట్టలా. నా వేళ్ళ మధ్యే సూది దిగింది. అది వేసుకుంది. దాని ఒళ్ళు ఉలిక్కిపడింది, నా వేళ్ళకి తెలిసింది. పది దాకా కలిసి లెక్కపెట్టాం. నేను ఏడు దగ్గర ఆగిపోతే మిగతాది అదే లెక్కపెట్టింది.

"నొప్పి పుట్టిందా?" అన్నాను.

"పుట్టింది" అంది, చొక్కా చెయ్యి దించుకుంటూ. "చాలా ఏం కాదు. పుట్టాలి కదా తాతా."

బొమ్మ మీది గుండీ తీసి నా చేతికిచ్చింది, పక్క గడిలో పెట్టమని.